గోడవతలికి తెలియజేయవలసిన పొగ

ముందు దగ్గు వినిపించింది, మనిషి కనిపించలేదు. పెరటిగోడ పక్కన పుట్టిన ఆ దగ్గు జలుబుది కాదు, అధికారిక ప్రకటనగా చెలామణి కావాలని ఆశపడిన దగ్గు.

నిప్పును కనిపెట్టినవాడు ఆదిమానవుడు; నిప్పుకు దరఖాస్తు కనిపెట్టిననాడే అతడు నాగరికుడయ్యాడు. మా వీధి దర్జీగారి పెరట్లో నడుమెత్తు పిచ్చిమొక్కలు పెరిగి ఎండాయి. అందులో పాము కాపురముందని ప్రతీతి. (దానిని అద్దెదారుగా చూపాలా వద్దా అన్నది పరిశీలనలో ఉంది.) ఆ పొదలు తగలబెడితే తప్ప పెరట్లో కాలు పెట్టనని ఆయన భార్య తేల్చిచెప్పింది.

ఎండుచెత్త దహన అనుమతుల శాఖ కరుణించి, పొగ పర్యవేక్షకుణ్ణి షరతులతో సహా పంపింది. గాలి తన దిశ మార్చుకోబోనని హామీ ఇవ్వవలెను. పొగ ప్రహరీ దాటరాదు. దాటవలసివస్తే తలవంచుకుని దాటవలెను. అన్నిటికీ దర్జీగారు తలూపారు. ఆఖరి షరతుకు మాత్రం గోడ పక్కకెళ్లి దగ్గి సరిపెట్టారు: నిప్పంటించుటకు ముందు పొరుగువారిని పేరు పెట్టి పిలిచి తెలియజేయవలెను.

పొరుగువాడు స్వయానా తమ్ముడు, గడియారాల మెకానిక్. నిచ్చెన ఎవరిదన్న చర్చలో గోడ లేచింది, మాట పడిపోయింది. (నిచ్చెనను చెదలు తినేశాయి. చర్చ చెక్కుచెదరలేదు.)

"దగ్గానుగా!" అన్నారు దర్జీగారు.

"దగ్గు సమాచారం కిందకి రాదండీ," అన్నాడు పర్యవేక్షకుడు. "పేరు పెట్టి పిలవాలి."

"పిలిస్తే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?" అంది భార్య.

గోడవతల తమ్ముడు తన భార్యతో గట్టిగా అంటున్నాడు: "ఇదిగో, పిల్లికి జలుబు చేసినట్టుంది, చూడు!"

"పిల్లి కాదు, మీ అన్నయ్యగారు."

"నాకో అన్నయ్యుంటే పేరు పెట్టి పిలిచేవాడు కదే!"

ఈ ప్రతిష్టంభనలో కాలం వృథా కారాదని, పర్యవేక్షకుడు అగ్గిపుల్లల నాణ్యతా పరీక్ష చేపట్టాడు. ఒకటి గీశాడు. వెలిగింది. (శాఖ చేపట్టిన పరీక్షల్లో విజయవంతమైనది ఇదొక్కటే.) అదిరిపడి, దాన్ని పొదలోకి విసిరాడు.

మంట గోడవైపు నడిచింది.

"ఓయ్! నిప్పు! అటొస్తోంది!" అని అరిచారు దర్జీగారు.

తమ్ముడు బకెట్టుతో సహా గోడ దూకాడు. అన్న నీళ్లు తోడాడు, తమ్ముడు చల్లాడు, వదిన తడిగోనె పట్టి బాదింది. పొగ తలవంచలేదని పర్యవేక్షకుడు నమోదు చేసుకున్నాడు.

పొదలు బూడిదయ్యాయి. తమ్ముడు మసిమొహంతో ఒక్క క్షణం ఆగాడు. అన్న మళ్లీ దగ్గారు. తమ్ముడు ఖాళీ బకెట్టు తీసుకుని గోడెక్కి వెళ్లిపోయాడు.

"అనుమతి తిరస్కరించామండీ," అన్నాడు పర్యవేక్షకుడు. "'ఓయ్' పేరు కాదు."

"ఇంకా కాల్చడానికేముంది బాబూ?"

"ఏం లేదండీ. కాబట్టి ఇక పిలవక్కర్లేదు."

శాఖ సెలవు తీసుకుంది. ఏ షరతూ వర్తించని ఆ గోడ దగ్గరకు నడిచి, మునివేళ్ల మీద లేచి, దర్జీగారు ఎవరి అనుమతీ లేకుండా పిలిచారు:

"ఒరేయ్ చంటీ!"