ఎంత లాగినా తెగని వైద్యం

ఫోన్ తెరవగానే "ఈ ఆకు తింటే ఆ రోగం మాయం" అంటూ పలకరించే మెసేజ్‌లను చూసి విసుక్కునేవాళ్లకి నాదొక విన్నపం. దయచేసి ఆ పని మానుకోండి! ఈమధ్య మానవజాతికి జరిగిన మేలంటూ ఏదైనా ఉంటే అదొక్కటే. ప్రయోగశాలలు, పరీక్షలు, ఏళ్ల తరబడి కొలతలు... ఎవరికండీ అంత తీరిక? ఫోన్‌కి ఆ అవస్థ లేదు. బొటనవేలు కదిపితే చాలు, మందు తయారు!

నమ్మకం కుదరడం లేదా? అయితే మా పై అంతస్తులో ఉండే సైంటిస్టుకి ఏం జరిగిందో వినండి.

ఆవిడ మొక్కల శాస్త్రంలో డాక్టరేట్ చేసింది. అందుకని అపార్ట్‌మెంట్ మొత్తానికీ ఆవిడ "ఆకుల డాక్టరమ్మ". "నేను ఆ డాక్టర్ని కాదండీ" అని మొదట్లో కనిపించినవాళ్లందరికీ చెప్పుకునేది. పోనుపోను, లిఫ్టులో నాలుక చాపి చూపించేవాళ్లకి "బాగానే ఉందండీ" అనేసి దిగిపోవడమే తేలికని గ్రహించింది.

నిజానికి ఆవిడ పని నారతో. ఒక అడవి పొద కాండంలో మహా గట్టి నార ఉందని కనిపెట్టింది. దాంతో సంచులు అల్లితే ప్లాస్టిక్ కవర్ల పీడ వదులుతుందని, పాతబడ్డాక మట్టిలో పడేస్తే మట్టయిపోతుందని ఆవిడ ఆశ. పొదలు పెంచుకోవడానికి పరిశోధన సంస్థ కొంత నేల కూడా ఇచ్చింది. ఇచ్చినట్టే ఇచ్చి, దాన్ని కార్ పార్కింగ్ చేసేసింది. "పర్యావరణ సదస్సుకి వచ్చేవాళ్లు కార్లు ఎక్కడ పెట్టుకుంటారమ్మా?" అన్నాడు డైరెక్టరు. అదీ నిజమే కదా! ఆవిడ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ కాళ్లావేళ్లా పడి, ప్రహరీగోడ వెంట తన పొదలు నాటుకుంది.

ఆవిడకి ఇంట్లో ఒక వీరాభిమాని ఉన్నారు. మామగారు. రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. జీవితమంతా పచ్చజెండా ఊపిన మనిషి కావడాన, పచ్చగా కనిపించిన దేన్నైనా ముందుకు పంపేస్తారు. ఏ మెసేజూ ఆయన ఫోన్‌లో ఆగిన పాపాన పోలేదు.

ఒకరోజు భోజనాల దగ్గర కోడలు పట్టలేని సంబరంతో చెప్పింది.

"ఏం బలం మామయ్యా దానికి! ఎంత లాగినా తెగట్లేదు."

ఆవిడ చెప్పింది నార సంగతి. మామగారు మాత్రం ఆ మాట మోకాలు నిమురుకుంటూ విన్నారు.

"నిజంగా ఎంత లాగినానా?"

"మెషిన్‌కి కట్టి మరీ లాగాం. చివరికి మెషినే ఆగిపోయింది!"

ఆయన చెయ్యి కడుక్కుని నేరుగా ఫోన్ దగ్గరికి వెళ్లారు.

మర్నాడు ఆవిడకి వేరే ఊరి నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. "ఏమక్కా, మోకాళ్ల నొప్పులకి మందు కనిపెట్టావటగా? సొంత చెల్లెలికి కూడా చెప్పవా?" అని నిష్ఠూరమాడింది. తనకొచ్చిన మెసేజ్ కూడా పంపింది. అందులో పొదల పక్కన నిలబడ్డ ఆవిడ ఫోటో! కింద: "ఈ ఆకు రసం తాగితే మీ నరాలను మెషిన్‌తో లాగినా తెగవు! ప్రఖ్యాత వైద్యురాలి పరిశోధన! మందుల కంపెనీలు దాచిన రహస్యం!" చెల్లెలి ఊరు చేరేలోపే ఆ ఆకు బట్టతల మీద జుట్టు మొలిపించింది, పరీక్షలు గట్టెక్కించింది, అలిగి వెళ్లిపోయిన భార్యలను కాపురానికి రప్పించింది.

ఆవిడ గుండెలు బాదుకుంటూ కిందికి పరుగెత్తింది. అప్పటికే ప్రహరీగోడ దగ్గర క్యూ ఉంది. సెక్రటరీ టోకెన్లు పంచుతున్నాడు. మూడో అంతస్తు పళ్ల డాక్టరు గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. జిమ్ ట్రైనర్‌కి గిన్నె దాకా ఓపిక లేదు, పొద దగ్గరే వంగి మేస్తున్నాడు.

"ఆగండి! ఈ ఆకుని ఇంతవరకూ ఎవరూ పరీక్షించలేదు. కడుపులోకి వెళ్లి ఏం చేస్తుందో నాకే తెలీదు!" అని అరిచింది ఆవిడ.

సెక్రటరీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "మీకే తెలీకపోవడమేంటి మేడమ్? కంపెనీవాళ్లు బెదిరించారా?"

"అయ్యో, విషమైనా కావచ్చండీ!"

"ఇంత చేదుగా ఉన్నప్పుడే అనుకున్నా, అసలైన మందని" అన్నాడు ట్రైనర్, నములుతూనే.

పాఠక మహాశయులారా, ఆ వారంలో మా భవనం పొందిన లాభాలు మీరు గమనించాలి. పాడైన లిఫ్టు గురించి ఫిర్యాదులు ఆగిపోయాయి, మోకాళ్లు బాగుపడ్డాయన్న ధీమాతో అందరూ మెట్లెక్కారు. ఎదురుపడితే మొహం తిప్పుకునేవాళ్లు "మీకెన్నిసార్లు అయ్యాయి?" "మాకు పొద్దుట్నుంచీ అవుతూనే ఉన్నాయి" అని ఆప్యాయంగా కష్టసుఖాలు చెప్పుకున్నారు. ట్యాంకులో నీళ్లన్నీ మధ్యాహ్నానికే అయిపోయాయి. "శరీరంలో మలినాలు పోతున్నాయి, కంగారు పడకండి" అని సెక్రటరీ గ్రూపులో ప్రకటించాడు. ఏ ఆసుపత్రి ఇంత చక్కగా ధైర్యం చెబుతుంది?

సైన్సుకి మాత్రం తక్కువ మేలు జరిగిందా? నార తియ్యాలంటే ముందు ఆకులన్నీ దుయ్యాలి. ఆ పనికి మనుషులు దొరక్క ఆవిడ నానా తంటాలు పడేది. ఇప్పుడు ఒక్క ఆకు లేకుండా నున్నటి కాడలు! డైరెక్టరు ఫోటోగ్రాఫరుతో సహా వచ్చి, "ప్రజల చేతుల్లో పరిశోధన" అనే బ్యానర్ కింద ఆ మోళ్ల పక్కన నిలబడి నవ్వాడు.

అంతా ఇలా శుభంగా సాగుతుండగా ఒక సాయంత్రం ఆవిడ ఆఫీసు నుంచి వచ్చేసరికి, రెండో అంతస్తు మలుపులో మామగారు రెయిలింగ్ పట్టుకుని కూర్చుని ఉన్నారు.

"ఏమైంది మామయ్యా?"

"ఏం లేదమ్మా. మెట్లే... కాస్త తిరుగుతున్నాయి."

ఆవిడ ఆయన్ని నెమ్మదిగా ఇంట్లోకి నడిపించి బీపీ మెషిన్ పెట్టింది. అందులో కనిపించిన అంకె నమ్మబుద్ధి కాక మళ్లీ పెట్టింది. మళ్లీ అదే. అలమారలో మందుల డబ్బా తీసి చూస్తే బీపీ మాత్రల అట్ట విప్పను కూడా విప్పలేదు.

"మాత్రలు మానేశారా?"

"నీ మందు ఉండగా కంపెనీ మందెందుకమ్మా? నేనే మాత్రలు మింగుతుంటే, సొంత మామకే కోడలి మీద నమ్మకం లేదని నలుగురూ అనుకోరూ?"

ఆయన చేసింది మొండితనమైతే ఆవిడ పోట్లాడేదే. అభిమానంతో ఏం పోట్లాడుతుంది?

అప్పటికప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన చెడామడా కేకలేశాడు. మామగారు బుద్ధిగా తలూపారు. తిరిగొచ్చాక మాత్ర చొక్కా జేబులో వేసుకుని, దాచిపెట్టుకున్న ఆకులతో మిక్సీ వైపు నడిచారు.

ఆవిడ ఆయన్ని పట్టుకుని కూర్చోబెట్టి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. "మామయ్యా, చాలా మాత్రలు మొక్కల్లోంచే పుట్టాయి. కాదనను. కానీ ఆకులో మంచీ ఉంటుంది, చెడూ ఉంటుంది. ఒక ఆకులో ఎక్కువుంటే ఇంకో ఆకులో తక్కువుంటుంది. మంచిదేదో విడదీసి, ఎంత వేస్తే మనిషి బతుకుతాడో, ఎంత దాటితే పోతాడో చూసి, కొలిచి మాత్ర చేస్తారు. దానికి ఏళ్లు పడుతుంది."

మామగారి కళ్లు మెరిశాయి. "అంటే మూలం ఆకే అన్నమాట!"

ఆవిడ లేచి తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

"బహుశా" అనే మాట లేకుండా వాక్యం రాయని మనిషి ఆవిడ. "మరిన్ని పరిశోధనలు అవసరం" అనకుండా ఏ వ్యాసమూ ముగించి ఎరగదు. అలాంటిది ఆరోజు మంచం అంచున కూర్చుని, ఫోన్ తీసి, పళ్లు బిగించి ఇలా రాసింది: "హెచ్చరిక! ఆ ఆకు రసం తాగినవారికి గుణం మొత్తం కడుపులోనే కరిగిపోతుంది! ఆకును తుంచరాదు, తినరాదు, తాకరాదు! మీ డాక్టరు రాసిచ్చిన మాత్రను, పొద ఎదుట నిలబడి, ఆకునే చూస్తూ మింగినవారికే పూర్తి ఫలితం! కళ్ల ద్వారా నరాలకు! కంపెనీలు దాచిన రెండో రహస్యం! పదిమందికి పంపండి!"

పంపాక చేతులు కడుక్కుంది. ఎందుకో ఆవిడకే తెలీదు.

మర్నాడు పొద్దున్న బాల్కనీలోంచి చూస్తే ప్రహరీగోడ వెంట జనం బారులు తీరి ఉన్నారు. ఒక చేతిలో గ్లాసు, ఇంకో చేతిలో మాత్ర. రెప్ప వెయ్యకుండా పొదల వైపే చూస్తున్నారు. ఆకులెక్కడున్నాయి? నిన్నటిదాకా మేసేశారుగా! దొరికిన ఒకటి రెండు చిగుళ్ల చుట్టూ జనం కిక్కిరిశారు. "తాకకండి, తాకకండి! చూపు మాత్రమే!" అని సెక్రటరీ కాపలా కాస్తున్నాడు. అందరికంటే ముందు మామగారు. ఆయన మాత్ర నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, మింగడం ఆవిడ కళ్లారా చూసింది. రెయిలింగ్ మీద తల వాల్చి, తనకొస్తున్నది నవ్వో ఏడుపో తేల్చుకోలేకపోయింది.

కొన్నాళ్లకి పొదలు మళ్లీ కమ్ముకున్నాయి. ఆవిడ సంచీ పూర్తయింది. మొదటిది మామగారికిచ్చింది. ఆయన మురిసిపోయి, మాసిపోకుండా దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువాలో దాచుకున్నారు.

ఆ తర్వాత మామగారిని మళ్లీ డాక్టరుకి చూపించడానికి తీసుకెళ్లింది. బీపీ దారికొచ్చింది. డాక్టరు రెండుసార్లు చూసి, "భేష్! మాత్రలు వదలకుండా వేస్తున్నారన్నమాట" అన్నాడు.

"మాత్రలదేముందండీ, అంతా మా కోడలి ఆకు మహిమ!" అన్నారు మామగారు, గర్వంగా.

డాక్టరు ఆవిడ వైపు చూశాడు. "మీరు సైంటిస్టు కదా. ఈ చూడటాలూ అవీ... నిజమేనా?"

ఆవిడ నోరు తెరిచింది. "ఇంకా ఎవరూ పరీక్షించలేదు" అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. పక్కన మామగారు తన మొహంలోకే చూస్తున్నారు.

"నిజమేనండీ" అంది.

డాక్టరు మందులచీటీ రాసిచ్చి పంపించాడు. వాళ్లు కారిడార్ దాటుతుంటే వెనకనుంచి గబగబా వచ్చి ఆవిడని ఒక పక్కకి పిలిచాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మేడమ్, ఒక మొక్క ఇప్పిస్తారా? మా నాన్నగారు షుగర్ మాత్రలు మానేసి ఆర్నెల్లయింది. నా మాట వినరు. నేను ఉత్త డాక్టర్నట. మీ మెసేజ్ మాత్రం నాకే మూడుసార్లు పంపించారు."

"తప్పకుండా ఇస్తానండీ."

"థాంక్స్. ఇంతకీ రోజుకి ఎన్నిసార్లు చూడాలి?"

ఆవిడ చేతిలోని మందులచీటీ చూసుకుంది.

"డాక్టరుగారు రాసిచ్చినన్నిసార్లు" అంది.