సూది అబద్ధం, మోడల్ నిజం

చూడ్డం మానేస్తేనే శాస్త్రం బాగుపడుతుంది! ఈ మాట నోటికొచ్చి అంటున్నది కాదు. ఇరవయ్యేళ్ళుగా జీతం తీసుకుంటూ అంటున్నాను.

నా ఉద్యోగం ఏమిటో చెప్తే మీకు గౌరవం కలుగుతుంది, అర్థం మాత్రం కాదు. అయినా చెప్తాను. భూమి ఒక పెద్ద అయస్కాంతం. పైన, చాలా ఎత్తున, కరెంటు నిండిన గాలిపొర ఒకటుంది. నడిసముద్రంలో పడవవాళ్ళు రేడియోలో మాట్లాడితే ఆ మాట పైకెళ్ళి, ఆ పొరకి తగిలి, ఒడ్డున పడుతుంది. సూర్యుడికి తిక్క రేగిందంటే అయస్కాంతం ఊగుతుంది, పొర చెదురుతుంది, రేడియో మూగబోతుంది. ఇవాళ ఊగుతుందా ఊగదా అని లెక్కగట్టి రంగుల మ్యాపు వెయ్యడం నా పని. ఆకుపచ్చ అంటే ప్రశాంతం, ఎరుపంటే అయస్కాంత తుఫాను. దాన్ని నమ్ముకుని బోలెడు పడవలు వేటకెళ్తాయి. అందులో ఒకదాంట్లో ఇంజను చూసేది మా ఆవిడ ఒక్కగానొక్క తమ్ముడు.

ఒకప్పుడు ఈ మ్యాపు కోసం ఊరూరా స్టేషన్లుండేవి. స్టేషన్‌కో అయస్కాంతపు సూది, సూదికో మనిషి. అబ్బబ్బ, ఏం గోల! ఒకటి ఔనంటే ఇంకోటి కాదనేది. వాటికన్నా తోడికోడళ్ళు నయం! పైవాళ్ళు ఖర్చు తగ్గించాలంటూ ఒక్కోటే మూసేస్తూ వచ్చారు. మేం పైకి మొహాలు వేలాడేశాం గానీ లోపల్లోపల సంబరపడ్డాం.

ఎందుకంటారా? స్టేషన్ పోయినప్పుడల్లా మ్యాపు నిగారించింది మరి! సూది లేనిచోట ఏముందో మోడల్ అనే ఫార్ములా చెప్తుంది. ఫార్ములా మర్యాద తెలిసింది, ఎదురు చెప్పదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని మమ్మల్ని వెక్కిరిస్తారు. వెక్కిరించండి! మా సోమలింగానికి ఎత్తూ బరువూ కూడా కట్టాం, సభల్లో చప్పట్లు కొట్టించాం. మీ పిల్లల్లో ఎవరికైనా జరిగిందా ఆ వైభవం?

అలా అలా ఒక్క స్టేషన్ మిగిలింది. మా ఆఫీసులో ఒక ఆచారం ఉంది. సూది చెప్పింది మోడల్ లెక్కకి మరీ దూరంగా ఉంటే చెడిపోయింది సూదే అని అర్థం. కంప్యూటర్ ఆ రీడింగ్‌ని దానంతటదే అవతల పారేస్తుంది. సూదులు బోలెడున్న రోజుల్లో నేనే పెట్టిన రూలిది. పదిమందిలో ఒకడు తేడాగా మాట్లాడితే పక్కన పెట్టడం న్యాయమే కదా! ఇప్పుడు ఉన్నవాడే ఒక్కడు. అయినా ఆచారం ఆచారమే.

మొన్న వేటకెళ్తూ మా బావమరిది ఎప్పట్లాగే ఫోన్ చేశాడు.

"బావా, రేడియో పలుకుతుందా?"

మ్యాపు చూశాను. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఆకుపచ్చ, కళ్ళు చల్లబడ్డాయి. "నిక్షేపంగా పలుకుతుందిరా, వెళ్ళిరా" అన్నాను.

అప్పటికే ఆ ఒంటరి సూది పిచ్చెత్తినట్టు ఊగుతోంది. మోడల్ దాన్ని పారేసింది. ఎంత క్రమశిక్షణో చూశారా!

నడిసముద్రంలో వాడి చెయ్యి ఇంజను బెల్టులో పడింది. పడవ నడిపేవాడు రేడియో పట్టుకుని స్పీడుబోటు పంపమని ఒడ్డుని పిలిచాడు. బుస్సుమనే చప్పుడు తప్ప జవాబు లేదు. పిలుస్తూనే ఉన్నాడు, పడవ ఈసురోమంటూ వస్తూనే ఉంది. "కాస్త ముందు తెచ్చుంటే వేళ్ళు దక్కేవి" అన్నాడు డాక్టరు.

ఆఫీసులో మీటింగు పెట్టారు. "ఆ రోజు తుఫాను వచ్చిందనడానికి ఆధారమే లేదు" అని తేల్చారు మా డైరెక్టరు. నిజమే, ఆధారాన్ని పారేసింది మేమే. సూది మాటిమాటికీ సతాయిస్తోంది కాబట్టి ఆ చివరి స్టేషన్ కూడా మూసెయ్యాలని నిర్ణయించారు. కింద నా సంతకం కావాలన్నారు.

ఆస్పత్రిలో మంచం పక్కన నిలబడ్డాను. చేతికి పెద్ద కట్టు. "బావా, నువ్వు చూసి చెప్పావా, లెక్కేసి చెప్పావా?" అన్నాడు. కోపంగా కాదు, ఊరికే అడిగాడు.

"లెక్కేసే చెప్పానురా."

వాడు కళ్ళు మూసుకున్నాడు. మా ఆవిడ నన్ను వరండాలోకి లాక్కొచ్చింది. "ఏమండీ, తెలీదని చెప్పొచ్చుగా? అంత చదువు చదివారు, ఆ ఒక్క మాట నేర్పలేదా?" అని భోరుమంది.

మర్నాడు సంతకం పెట్టలేదు. ఆ ఒక్క స్టేషన్ చుట్టూ ఉన్న కాస్త మేరా ఎరుపో ఆకుపచ్చో సూదినే అడిగి వేశాను. సూది లేని మేరంతా తెల్లగా వదిలేసి మ్యాపు పైకి పంపాను. డైరెక్టరు పరుగున వచ్చారు.

"ఏమిటయ్యా ఇది? మ్యాపంతా ఖాళీగా ఉందేం?"

"ఎప్పట్నుంచో ఖాళీగానే ఉంది సార్" అన్నాను.