గెలాక్సీ వయసు ధ్రువీకరణ పత్రం

ఈ విశ్వంలో ఏది కదలాలన్నా ముందు కాయితం కదలాలి. కాయితం లేకుండానే భూమి తిరుగుతున్నదంటే, అది అనుమతి లేని తిరుగుడు. ఇంకా ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు, అంతే.

సూర్యాపేట కాలేజీలో ఫిజిక్సు చెప్పే నీలాకు ఈ సంగతి 1997 ఫిబ్రవరిలో తెలిసివచ్చింది. రేడియో తరంగాలు వెదజల్లే లేత వయసు గెలాక్సీల మీద ఆమె పరిశోధన. వాటి నడుమ కూర్చున్న బ్లాక్ హోల్ అందినంత మింగుతుంది. ఆ మింగే జోరులో చుట్టూ ఉన్న గ్యాసును సెకనుకు వెయ్యి కిలోమీటర్ల వేగంతో బయటికి తరుముతుంది. గ్యాసు పోతే ఇక కొత్త నక్షత్రాలు పుట్టవు. (ఇలాంటి ఏర్పాటు మన ఆఫీసుల్లో కూడా ఉన్నదని కొందరి అభిప్రాయం. పరిశీలనలో ఉంది.) అలాంటి ఒక గెలాక్సీలో ఆ తరుముడును కొలవడానికి తమిళనాడు కొండల మీది టెలిస్కోపులో ఆమెకు మార్చి ఇరవైన ఆరు గంటలు దొరికాయి. నాలుగేళ్ళు అడిగితే దొరికిన ఆరు గంటలు. తప్పితే మళ్ళీ లైను చివర నిలబడాలి.

సెలవు కోసం మిర్యాలగూడలోని అనుమతుల ఆఫీసుకు వెళ్ళింది. సూపరింటెండెంటు గౌరయ్య దరఖాస్తును రెండుసార్లు చదివాడు.

"మేడం, గెలాక్సీ లేతదని రాసిన్రు. కింద వయసు రెండువేల ఏండ్లని రాసిన్రు. యాభై ఎనిమిదికే మమ్ముల ఇంటికి తోలుతున్నరు. గిదెట్ల లేతది?"

"దానిల రేడియో జోరు మొదలై అన్నేండ్లే అయింది సార్. గెలాక్సీల లెక్కల అది పసితనమే."

"అయితే వయసు సర్టిఫికెట్ పెట్టున్రి."

వయసు విచారణ విభాగం కోదాడలో ఉంది. (మిర్యాలగూడలోనే ఉంటే జనం సులువుగా చేరుకుంటున్నారని అక్కడికి మార్చారు.) అక్కడి అధికారి తులసీరాం మర్యాదస్తుడు.

"పుట్టిన చోట రికార్డు లేకపోతే పంచనామా చాలండి. ఇరుగుపొరుగు ఐదుగురు వేలిముద్రలు వెయ్యాలి. గెలాక్సీకి ఇరుగుపొరుగు లేకపోతే మీ ఇరుగుపొరుగైనా పర్లేదు."

నీలాకు ఒళ్ళు మండింది. అయినా ఆ ఆరు గంటలు గుర్తొచ్చి, పాలకీడు దగ్గరి తమ తండాకు బస్సెక్కింది. తండా పెద్ద మంగ్త్యా, ఆమెకు తాత వరస, సంగతంతా విని బొటనవేలు సిరాలో ముంచాడు.

"మన తండల ఎవలికి పుట్టిన తారీఖు ఎరుక బిడ్డా? బడిల పంతులు అందరికీ జూన్ ఒకటే రాసిండు. దానిక్కూడ గదే రాయి."

ఇంకో నలుగురు వేలిముద్రలు వేశారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇంత లోపం లేని పంచనామా చూడలేదని తులసీరాం ముచ్చటపడి ముద్ర కొట్టాడు.

మార్చి పద్దెనిమిదిన, రైలుకు నాలుగు గంటల ముందు, గౌరయ్య ఆర్డరు చేతికిచ్చాడు. నీలా నిలబడే చదివింది.

"జూన్ ఒకటిన జన్మించిన సదరు గెలాక్సీ నుండి గ్యాసు సెకనుకు వెయ్యి కిలోమీటర్ల వేగముతో బయటికి వెళ్ళుటకు ఈ కార్యాలయమునకు అభ్యంతరము లేదు. దరఖాస్తుదారు మాత్రము, పరీక్షల డ్యూటీ ఉన్నందున, సూర్యాపేట దాటరాదు."

నీలా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గౌరయ్య నిజంగానే నొచ్చుకున్నాడు.

"ఏడుస్తరెందుకు మేడం? అసలు పని అయింది గద. ఇగ ఆ గ్యాసును ఆపెటోడు లేడు."