రిబ్బను కట్టిన గుంత

గురువారం పొద్దున హుస్సేన్ బాషా పెట్టుకున్న పని చాలా చిన్నది. గాజువాకలో అతని కొత్త టైలరింగు షాపు ముందు కాలువ మీది శ్లాబు విరిగి గుంత పడింది. శుక్రవారం నమాజు తర్వాత షాపు తెరవాలి. అసలే పెళ్ళిళ్ళ సీజను. కొలతలివ్వడానికొచ్చిన ఆడవాళ్ళు గుంతలో పడితే తెరిచిన రోజే షాపు మూతపడుతుందని అతని దిగులు.

అప్పటికే మూడు ఆఫీసులు తిరిగాడు. కార్పొరేషన్ వాళ్ళు ఈ కాలువ కేంద్రం కట్టించిందన్నారు. కేంద్రం వాళ్ళు ఎప్పుడో రాష్ట్రానికి అప్పగించేశామన్నారు. రాష్ట్రం ఆఫీసులో పాపం టీ కూడా ఇచ్చి, నిధులు కేంద్రం ఇవ్వాలి, పని కార్పొరేషన్ చెయ్యాలి, మధ్యలో మాకేం సంబంధమన్నారు.

కనీసం ఎవరూ పడకుండా చూద్దామని బాషా గుంత చుట్టూ నాలుగు కర్రలు పాతి, జాకెట్ల కోసం తెచ్చిన ఎర్ర శాటిన్ రిబ్బను కట్టాడు. ఎదుటి పాన్ షాపు అప్పలసూరి పకపకా నవ్వాడు.

"ఏటి సేత్తన్నావ్ బావా? ఓపినింగుకి ఎవులొత్తన్నారు?"

బాషా కూడా నవ్వాడు. కానీ అటుగా బండి మీద వెళ్తున్న కార్పొరేటర్ సన్యాసిరాజు ఆ రిబ్బను చూసి బండి ఆపేశాడు. తనకు చెప్పకుండా ఎమ్మెల్యే ఏదో ప్రారంభించేస్తున్నాడనుకుని, పరుగున వెళ్ళి తన పేరుతో శిలాఫలకం చెక్కమన్నాడు. ఆ రాళ్ళ షాపులోనే సంగతి తెలిసి ఎమ్మెల్యే మనిషి తమ నాయకుడి పేరుతో ఇంకోటి చెక్కమన్నాడు. ఎంపీ మనిషి మాత్రం తక్కువ తిన్నాడా, తనూ ఒకటి చెక్కమన్నాడు.

శుక్రవారం పొద్దున బాషా వచ్చేసరికి షాపు ముందు మూడు టెంట్లు, మూడు శిలాఫలకాలు, బ్యాండు మేళం. కాలువ మాదంటే మాదని ముగ్గురూ కొట్టుకుంటున్నారు. అది ఉత్త గుంతేనని బాషా ఎంత మొత్తుకున్నా వినేవాడు లేడు. నమాజు వేళవుతోంది, షాపులోకి దారి లేదు. అతనికి ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు, తెల్లారకముందే షాపు సర్దడానికొచ్చి లోపలే ఉండిపోయిన అతని భార్య జైతూన్ బీ గుడ్డలు కత్తిరించే పెద్ద కత్తెర పట్టుకుని బయటికొచ్చింది.

"కాలవ ఎవులిదైతే ఆళ్ళే రిబ్బను కత్తిరించండి. కత్తిరించినోళ్ళే సాయంత్రంలోగా గుంత కప్పాల."

బ్యాండు ఆగిపోయింది. నిధులివ్వాల్సింది కేంద్రమని కార్పొరేటర్‌కి గుర్తొచ్చింది. ఎప్పుడో రాష్ట్రానికి అప్పగించేశామని ఎంపీ మనిషి అన్నాడు. పని కార్పొరేషన్‌దేనని ఎమ్మెల్యే మనిషి తేల్చేశాడు. చూస్తుండగానే టెంట్లు లేచిపోయాయి. శిలాఫలకాలను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకుంటే గుంత తమ మెడకు చుట్టుకుంటుందని భయం.

"పట్టు బావా," అన్నాడు అప్పలసూరి.

పేర్లు తొక్కితే బాగోదని జైతూన్ బీ అనడంతో, కర్రలూ రిబ్బనూ తీసేసి, మూడు రాళ్ళనీ బోర్లా తిప్పి గుంత మీద పక్కపక్కనే పరిచారు. కొలిచి చేసినట్టు సరిపోయాయి. నమాజయ్యాక మొదటి బేరం గౌరీశ్వరి, కిందికైనా చూడకుండా వాటి మీదుగా నడిచి లోపలికొచ్చింది. బాషా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

కేంద్రం, రాష్ట్రం, నగరం మూడూ తలా సమాన వాటా వేసిన పని ఆ వీధిలో అదొక్కటే.