సైటాఫీసులో శిగం

ఆ వేళ పొద్దున ఆరింటికల్లా సైటు మేనేజరు మధుసూదన్ గారి చేతికి వేడి టీ ఇచ్చి, రెండో గుక్క మింగేలోపు లీవు కాయితం ముందు పెట్టాలని మల్లన్న పథకం. మొదటి గుక్కకే పెట్టినందుకు కిందటి రెండుసార్లూ "ఈ నెల కుదరదయ్యా" అన్నారు. మల్లన్నకు ఊళ్ళో పద్నాలుగు నెలల కూతురుంది, అక్షర. ఆ పిల్లను ఇంతవరకు ఫోన్‌లో తప్ప చూడలేదు. అది ఫోనును నాకడం నేర్చుకుంది గాని నాన్నను గుర్తుపట్టడం నేర్చుకోలేదు.

సంతకం ఆయన మనసును బట్టి, ఆయన మనసు రగ్బీని బట్టి. మధుసూదన్ గారు ఆక్లాండ్‌లో మూడేళ్ళు ఉద్యోగం వెలగబెట్టి న్యూజిలాండ్ జట్టుకు భక్తుడై వచ్చారు. సేఫ్టీ ఆఫీసరు హెండ్రిక్ దక్షిణాఫ్రికావాడు. రోజూ టీ వేళకు ఇద్దరికీ అదే గొడవ. మావి నాలుగు ప్రపంచ కప్పులు, మీవి మూడే అని అతను వేళ్ళు చూపిస్తాడు. "కప్పులు లెక్కపెడితే సరిపోయిందాండీ? నూరేళ్ళ లెక్క తియ్యండి, ఎవరెక్కువ గెలిచారో" అని ఈయన బల్ల గుద్దుతారు. వాదనలో ఓడిన రోజున ఆయన దగ్గరికి ఏ కాయితమూ తీసుకెళ్ళకూడదు.

సైటు అరబ్బు దేశంలో, మదీనత్ ఖలీఫా అనే పేట విల్లాల వెనక. కంపెనీ బస్సు దిగేసరికి అంతా పొగమంచే. క్రేను కింది సగమే ఉంది, పై సగం లేదు. దిగిన ముప్పై మందీ నాలుగడుగులు వేసి మాయమయ్యారు. మాటలు వినబడుతున్నాయి గాని మనుషుల్లేరు. మల్లన్న తడుముకుంటూ సైటాఫీసు రేకు క్యాబిన్ చేరాడు. తలుపుకు తాళం లేదు. లోపల ధన్, ధన్ అని చప్పుడు. మెట్టు మీద కాలు పెడితే అరికాలు అదిరింది. టీ గదిలో గాజుగ్లాసులు వాటంతటవే మోగుతున్నాయి.

మీటింగు గది అద్దంలోంచి తొంగిచూశాడు. చీకట్లో మధుసూదన్ గారు ఒక్కరే ఉన్నారు. అమలాపురం మనిషి, ఈగను తోలినా "అండీ" అంటూ తోలే రకం. ఆయన ఒంటి మీద చొక్కా లేదు. మోకాళ్ళు వంచి, గుడ్లు బయటికి పెట్టి, నాలుక గడ్డం దాకా చాచి, రొమ్ము చరుచుకుంటూ ఎరగని భాషేదో గర్జిస్తున్నారు.

మల్లన్న పై ప్రాణాలు పైనే పోయాయి. అయితే ఈ వాలకం అతనికి కొత్తది కాదు. కోరుట్ల పక్క ఊళ్ళో ఏటా పోచమ్మ పండుగకు వాళ్ళమ్మ సాయవ్వ ఇలాగే ఊగేది. దేవత ఒంటి మీదికొస్తే దాన్ని శిగం అంటారు. శిగమూగే మనిషిని పట్టి ఆపకూడదు. నీళ్ళతో, వేపమండతో చల్లబరిచి, ఎవరొచ్చారో, ఏం కావాలో అడగాలి. అడగకుండా వదిలేస్తే అరిష్టం.

"గజేందరన్నా, ఉరుకు! సారు శిగమూగుతుండు!"

"ఆంధ్ర సారుకు మన పోచమ్మ ఎట్లొస్తది రా?" పొగమంచులోంచి తోటి పనివాడు గజేందర్ గొంతు వచ్చింది.

"పోచమ్మకు జిల్లాలుంటయా? యల్లా, జల్ది వేపమండ తే!"

విల్లా గోడ మీద వాలిన వేపచెట్టు కొమ్మ ఒకటి విరిగింది. టీ గదిలోంచి నిమ్మకాయ వచ్చింది. బూట్లు విడిచి, హెల్మెట్లు మాత్రం తీయకుండా ముప్పై మందీ గదిలోకి వచ్చి చేతులు జోడించారు. మల్లన్న బకెట్టు నీళ్ళు ఎత్తి కుమ్మరించాడు.

ఎత్తిన కాలు ఎత్తినట్టే మధుసూదన్ గారు ఆగిపోయారు. తెరిచిన తలుపులోంచి పొగమంచు నేల మీద పాకుతూ లోపలికి వచ్చింది. ఆయన చూపు మల్లన్న మీద నిలిచింది. రెప్ప పడలేదు.

"ఎవలమ్మా నువ్వు? ఏం గావాలె తల్లీ? తప్పులుంటే మన్నించు. నేను ఇంటికి పోవాలె, సారు లీవు ఇస్తడా?"

ఆయన గడ్డం మీదినుంచి నీళ్ళు కారాయి. తర్వాత ఆయన నోరు తెరుచుకుంది.

"పోయిరా కొడుకా. పిల్ల నీ తొవ్వ జూస్తున్నది."

ఆ గొంతు ముసలిది, ఆడది. మధుసూదన్ గారు దారి అనడమే గాని జన్మలో తొవ్వ అన్న మాట అని ఎరగరు. పిల్ల సంగతి ఆయనకు ఎన్నడూ చెప్పలేదు, కాయితంలో సొంతపని అని రాసి ఉందంతే. అతనికి ఏడుపు ఆగలేదు.

వెనకనుంచి గజేందర్ తోసుకొచ్చాడు. "నాకూ లీవు గావాలె తల్లీ." పోయిరా అంది ఆ గొంతు. ఆ తర్వాత వరస కట్టారు. ముప్పై మందికీ ముప్పై పోయిరాలు పడ్డాయి.

అప్పుడొచ్చాడు హెండ్రిక్. గుమ్మంలో నిలబడి ఆ నాలుకనూ మోకాళ్ళనూ చూసి, సంగతి తనకు తెలుసన్నట్టు నవ్వాడు. సైటు హిందీలో అరిచాడు. "పూఛో మల్లన్నా! రగ్బీ మే నంబర్ వన్ టీమ్ కౌన్?"

మల్లన్న చేతులు జోడించి అడిగాడు. మధుసూదన్ గారి మెడ నరాలు ఉబ్బాయి. దవడ రెండుసార్లు మూసుకుపోయింది, ఎవరో లోపలినుంచి తెరిచినట్టు మళ్ళీ తెరుచుకుంది.

"సౌతాఫ్రికా," అని ఆయన కట్టెలా పడిపోయారు. హెండ్రిక్ ముఖంలో నవ్వు ఇంకిపోయింది.

పదకొండింటికి పొడిచొక్కా తొడుక్కుని సీట్లో కూర్చున్న మధుసూదన్ గారి ముందు ముప్పై లీవు కాయితాలున్నాయి.

"పూనకమూ లేదు, పాడూ లేదయ్యా! అది హాకా. మ్యాచుకి ముందు న్యూజిలాండ్ వాళ్ళు వేసే యుద్ధనాట్యం. శుక్రవారం హెండ్రిక్ ముందు వేసి చూపిద్దామని సాధన చేసుకుంటుంటే నువ్వు నీళ్ళు కొట్టావు, కళ్ళు తిరిగాయి. తర్వాతేమీ గుర్తులేదు. ముప్పై మందినీ పంపి కాంక్రీటు నేను పొయ్యనా? ఒక్కరికీ లేదు, తీసుకుపో!"

మల్లన్న కాయితాలు ఒక్కొక్కటే ఏరుకున్నాడు.

"అమ్మ మాటిచ్చింది సారూ."

"అమ్మా లేదు, ఎవరూ లేరు. నేనే ఏదో వాగి ఉంటాను. ఇంకేం వాగానేంటి?"

"హెండ్రిక్ సారు అడిగిండు, లోకంల ఏ టీము పెద్దదని. సౌతాఫ్రికా అన్నరు."

మధుసూదన్ గారి ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"నేనా? నా నోటితోనా?"

"ముప్పై మంది విన్నరు సారూ."

ఆయన మెల్లిగా తల తిప్పి, వెనక ఎవరైనా నిలబడ్డారేమోనని చూసుకున్నారు. తర్వాత, "అయితే అది నేను కాదయ్యా," అని గొణిగి పెన్ను తీశారు. ముప్పై సంతకాలూ పెట్టారు, మొదటిది మల్లన్నకి.

న్యూజిలాండ్ అని ఉంటే ఒక్కడికీ లీవు దొరికేది కాదు.