నాలుగో వీధిని ఆర్కాలజీ చేసిన విధం

పెద్ద పెద్ద దేశాలు కాగితాల మీద గీసుకుని, కట్టలేక వదిలేసిన నగరం ఒకటుంది. బయటి నుంచి ఏమీ తెచ్చుకోకుండా, బయటికి ఏమీ పారేయకుండా, తన నీళ్లూ తన తిండీ తానే చూసుకునే నగరం. దాని పేరు ఆర్కాలజీ. దాన్ని మార్కాపురం శివారులో, కొనకనమిట్ల పోయే రోడ్డు పక్కన, ఒక్క పూటలో సాధించారు. (ఇటుక ఒక్కటి కూడా ఖర్చు కాలేదు.)

ఆ పూట నాలుగో వీధిలో సరళకూ, ఆమె మామ ఏబేలుకూ బియ్యం కడిగిన నీళ్ల దగ్గర మాట పెరిగింది. అవి కరివేపాకు చెట్టుకని సరళ, తన మేకకని ఏబేలు. నిన్న కూడా చెట్టుకే పోసినావని ఆయన, మేకకు పొద్దున్నే గంజి పోశాను కదా అని ఆమె. చివరికి సగం సగం పంచుతుంటే గిన్నె ఒలికి గడపలో మడుగు కట్టింది. ఏబేలు దాన్ని గుడ్డతో అద్ది, ఆ గుడ్డను తీసుకుపోయి మేక కుడితి తొట్టిలో పిండాడు. కోడలి వైపు చూడలేదు.

స్వయంపోషక నగరాల విభాగం సహాయ సమన్వయకర్త సతీష్ అప్పటికే సర్వేకు వచ్చి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఇదంతా చూసి ఆయన ముఖం వెలిగింది. ('నీటి పునర్వినియోగంపై కుటుంబ స్థాయి సంప్రదింపులు' అని తర్వాత నివేదికలో రాశాడు.)

ఎండన పడి వచ్చినవాడికి ముందు మంచినీళ్లివ్వడం ఆ వైపు రివాజు. ఇచ్చారు. ఆయన సగం తాగి, గ్లాసు చేతిలో ఉండగానే అడిగాడు.

"మీకు నీళ్లకేమైనా ఇబ్బందా పెద్దాయనా?"

తన ఇంట్లో నీళ్లు తాగుతున్న మనిషితో నీళ్లు లేవని చెప్పడం ఏబేలు పుట్టి ఎరగడు.

"మాకేం ఇబ్బంది నాయనా, కడుపునిండా తాగు," అన్నాడు.

పక్కింటి గౌసియాబీ ఇంకా మర్యాదస్తురాలు. సబ్జా గింజలు నానబెట్టి, చక్కెర కలిపి, రెండో గ్లాసు కూడా తాగితేగాని వదలనంది. వీధిలో ప్రతి ఇంట్లోనూ సతీష్ తాగుతూనే అడిగాడు. ప్రతి ఇల్లూ ఇబ్బంది లేదనే చెప్పింది. రోజు విడిచి రోజు వచ్చే ట్యాంకరు కోసం గేట్ల ముందు వరసగా నిలబెట్టిన నీలం డ్రమ్ములు ఆయనకు కనపడలేదని కాదు. వాటిని నిల్వ సామర్థ్యం కింద వేసుకున్నాడు.

మీ వీధిని ఆర్కాలజీగా ప్రకటిస్తామన్నాడు సతీష్. బీఎస్సీ చదివిన సరళకు ఆ మాట ముందే తెలుసు. అది భవన నిర్మాణాన్నీ ప్రకృతి శాస్త్రాన్నీ కలిపి అల్లిన మాట అనీ, వేలమంది ఒకే మహా కట్టడంలో ఉంటూ, నీళ్లనూ తిండినీ చెత్తనూ అక్కడే తిప్పుకుంటూ, చుట్టూ ఉన్న నేలను దాని మానాన దాన్ని వదిలేయాలన్నది దాని భావమనీ, ఊహాచిత్రాల్లోనూ కథల్లోనూ తప్ప పూర్తిగా కట్టింది ఎక్కడా లేదనీ నెమ్మదిగా చెప్పింది. తిప్పుకోవాలంటే ముందు నీళ్లంటూ ఉండాలి కదా అని కూడా అంది. సతీష్ శ్రద్ధగా విన్నాడు. ('నివాసులకు విషయ పరిజ్ఞానం మెండు': అదే నివేదిక.)

కొద్దిరోజులకే వీధి మొదట్లో 'ఆర్కాలజీ' అని బోర్డు వెలసింది. ట్యాంకరు నడిపే ఖాలిద్ దాని పక్కన బండి ఆపి, దిగకుండానే తల బయటికి పెట్టాడు.

"అక్కా, మీ వీధి దాటి పొమ్మన్నారు. బయటి నీళ్లు ఒక్క బిందె పడినా నగరం చెడిపోతదంట."

చెత్తబండి కూడా రావడం మానేసింది. ఆర్కాలజీలో చెత్త ఉండదు, వనరులే ఉంటాయి. పొరుగూళ్ల చుట్టాలు తమ నీళ్లు తామే తెచ్చుకోవాలి. తాగినవి మాత్రం ఇక్కడే వదిలి వెళ్లాలి. (ఈ ఉపనియమం అమలు తీరుపై చర్చలు సాగుతున్నాయి.)

సతీష్ కార్యాలయంలో ఈలోగా ఆ మాటకు కొత్త వాడుక వచ్చింది. 'ఫలానా వీధిని ఆర్కాలజీ చేసినాం' అనసాగారు. పుల్లలచెరువు వైపు ఒక పల్లెను చేయబోతే, అక్కడ ఆపడానికి అసలు ట్యాంకరే లేదట. పని మొదలుపెట్టకముందే లక్ష్యం నెరవేరినందుకు సిబ్బంది మిఠాయిలు పంచుకున్నారు.

సరళ అక్కడికి వెళ్లి, నీళ్ల సంగతి తర్వాత, ముందు మాటకు అర్థం సరిచేయమంది. సతీష్ కుర్చీ చూపించాడు. నీళ్లు మాత్రం ఇవ్వలేదు.

"మేడమ్, మీరు చెప్పేది పుస్తకంలో అర్థం. మాది వాడుక," అన్నాడు.

ఆర్కాలజీ హోదా రద్దు కావాలంటే వీధి బయటివాళ్ల మీద ఆధారపడుతున్నట్టు రుజువుండాలి. ట్యాంకరు వస్తుంటే అదే రుజువు. రావడం లేదు కనుక ఆధారపడటం లేదు. ఇందులో తప్పెక్కడుందో ఆటోలో ఇంటికి వచ్చేదాకా సరళ వెతికింది, దొరకలేదు. అంత శుభ్రమైన పని ఆ కార్యాలయం అంతకు ముందెన్నడూ చేసి ఎరగదు.

ఆమె భర్త దేవదానం రోజూ పనికి పోయే ముందు బండి మీద క్యాన్లు కట్టుకుని పక్క వీధుల్లో అడుక్కోవడం మొదలుపెట్టాడు. మొదట్లో పోసినవాళ్లు తర్వాత గేటు దగ్గరే నవ్వి పంపేశారు. ఏబేలు మేకను కూతురింటికి తోలి వచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నారు. ఏబేలు ప్రార్థన ముగించి ఆమెన్ అన్నాక, సరళ వడ్డిస్తూ, ఇంటికి తాళం వేసి ఏడో వీధిలో రెండు గదులు అద్దెకు తీసుకుంటున్నామని చెప్పింది. అడగలేదు, చెప్పింది. ఏడో వీధికి చెడ్డపేరుంది. సర్వేకు వచ్చిన సతీష్‌కు అక్కడ ఎవరూ గేటు కూడా తీయలేదు.

పలకల గనిలో ఒళ్లు అరగదీసుకుని ఆ ఇల్లు కట్టిన ఏబేలు, కలిపిన ముద్దనే మళ్లీ కలిపాడు.

"సొంతిల్లు పెట్టుకొని అద్దెకు పోవాల్నా," అన్నాడు. మళ్లీ, "ఆ వీధిలో నీళ్లుండాయా అమ్మా?" అని అడిగాడు.

"లేవు మామా," అంది సరళ. "అందుకే ట్యాంకరొస్తది."