అప్పు లేని జంగయ్య

జంగయ్యకు జీవితంలో ఒక్క అప్పు లేదు. చివరికి అదే అతని కొంప ముంచింది.

ఆ సంగతి బ్యాంకులో బయటపడింది. లోన్లు చూసే చంద్రకాంత్ కంప్యూటర్ వైపు చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. ఎక్స్‌రే పట్టుకున్న డాక్టరు మాట్లాడకపోతే గుండె ఎలా కొట్టుకుంటుందో, జంగయ్య గుండె అలా కొట్టుకుంది.

"మీరు ఇదివరకు ఏదైనా లోను తీసుకున్నారా?"

"లేదు సార్."

"క్రెడిట్ కార్డు? బండి కిస్తీలు?"

"బండి నగదు పెట్టి కొన్న సార్. ఎవ్వనికి పైస బాకీ లేను." ఛాతీ దానంతట అదే ముందుకొచ్చింది.

"సమస్య అదేనండీ. మీకు స్కోరే లేదు. మా లెక్కలో మీరింకా పుట్టలేదు."

నలభై నాలుగేళ్ల మనిషి, సుల్తాన్‌పూర్ ఫ్యాక్టరీలో సిరంజిలు చేసే మెషీన్‌ను ఒంటి చేత్తో నడిపే మనిషి, పైగా మీసం ఉన్న మనిషి, ఇంకా పుట్టలేదనిపించుకుని ఎండలోకి వచ్చాడు.

లోను గిర్నీ కోసం. వాడ మూల మీద ఖదీర్ సాబ్ పిండి గిర్నీ ఉంది. మోకాళ్లు అరిగిపోయి ఆయన దాన్ని మూడు లక్షలకు అమ్మేస్తానంటున్నాడు. జంగయ్య భార్య ఇందిరమ్మకు ఆ గిర్నీ మీద పెళ్లయిన కొత్తలోనే మనసైంది. జొన్నలు పట్టించడానికి వెళ్లి, చప్పుడు విని, "సాబ్, బెల్టు వదులైంది" అని చెప్పేది. ఖదీర్ సాబ్ చూస్తే, నిజంగానే వదులై ఉండేది.

"పటాన్‌చెరు శేటు వెంట వడ్తున్నడు భాయ్," అన్నాడు ఖదీర్ సాబ్. "అయినా నీ కోసం దసరా దాటి ఒక హఫ్తా దాకా ఆగుతా. ఆ తర్వాత నన్ను తప్పు పట్టొద్దు."

జంగయ్య మనసులో ఒక దృశ్యం తయారైంది. దసరా పండక్కి గిర్నీ తాళంచెవి తీసి ఇందిరమ్మ చేతిలో పెడతాడు. ఆమె కళ్లు పెద్దవి చేసి అతని వైపు చూస్తుంది. ఇరవై ఏళ్ల కాపురంలో ఆమె అలా ఒక్కసారే చూసింది. అదీ అతని వెనక నుంచి వస్తున్న బస్సును.

ఉపాయం చెప్పింది ప్యాకింగ్ సెక్షన్ వెంకట సాయి. అన్నం డబ్బా మూత తీసేలోపు ప్రపంచంలో ఏ విషయమైనా ఫోన్‌లో చూసి చెప్పగల మేధావి.

"అప్పు లేనోనికి అప్పు పుట్టదన్నా. ముందు చిన్న కార్డు తీస్కో. జెర వాడు, జల్దీ కట్టు. మళ్ల వాడు, మళ్ల కట్టు. ఆర్నెల్లల్ల బ్యాంకోనికి నీ మీద నమ్మకం కుదుర్తది. కాని మూడో వంతు కంటె ఎక్కువ వాడకు."

"గిదేం ఇచ్చంత్రం రా? దొంగతనం చేస్తెనే పోలీసోడు మంచోడంటడన్నట్టుంది."

అయినా ఒప్పుకున్నాడు. పన్నెండు వేలు డిపాజిట్ పెడితే బ్యాంకు పదివేల పరిమితితో కార్డు ఇచ్చింది. దరఖాస్తులో చాలా ప్రశ్నలు ఉన్నాయి. పరిమితి దాటిన ఖర్చును అనుమతించాలా అని కూడా ఒకటి ఉంది. వద్దంటే బ్యాంకు వాళ్లు ఏమనుకుంటారో అని మర్యాదకు అన్నిటికీ అవునని టిక్కు పెట్టాడు.

ఇక అసలు ప్రమాదం ఇందిరమ్మ. ఆమె తమ్ముడు పవన్ కార్డు మీద టీవీ కొని చేతులెత్తేస్తే, వసూలు వాళ్లు సరిగ్గా పప్పు పోపు పెట్టే వేళకు ఆమెకు ఫోన్లు చేసేవాళ్లు. రెండు నెలలు ఇంట్లో మాడిన పోపే. అప్పుడే ఆమె తీర్పు చెప్పింది: "ఈ ఇంట్లకు కార్డు వస్తే, నేను బయటకు వోత."

అందుకే కార్డు హెల్మెట్ లోపలి మెత్త కిందికి చేరింది. దుకాణాల్లో స్కాన్ చేస్తే డబ్బులు ముందు కార్డు నుంచే పోయేలా వెంకట సాయి ఫోన్‌లో అమర్చాడు. బ్యాంకు మెసేజీల చప్పుడు ఇందిరమ్మ చెవిన పడకుండా జంగయ్య వాటి గొంతు నొక్కేశాడు.

ఆ ఒక్క పనే రేపు తన గొంతు నొక్కుతుందని అతనికి తెలియదు.

ఆరు నెలలు గడిచాయి. పెట్రోలు కార్డు మీద, ఛాయ్ కార్డు మీద, ఖదీర్ సాబ్ దగ్గర పట్టించిన పిండి మాత్రం నగదు. స్కోరు పుట్టింది, పాకింది, ఏడు వందల ఇరవై నాలుగు దగ్గర లేచి నిలబడింది. పరీక్షల్లో ఏనాడూ మూడంకెలు చూడని మనిషి బాత్రూంలో నిలబడి ఫోన్‌లో ఆ అంకెలు చూసుకుని మురిసిపోయేవాడు. ఏడు వందల ముప్పై దాటితే రమ్మన్నాడు చంద్రకాంత్.

ఇంట్లో మాత్రం ఎప్పటి రోజులే. నెలకోసారి ఇందిరమ్మ చెప్పులేసుకునేది.

"యాడికే?"

"మహిళా సంఘం మీటింగు."

"ఛాయ్ సంఘమని చెప్పు."

"అవ్. ఛాయ్ తాగుకుంట నీ ముచ్చట చెప్పుకుంటం."

"నా ముచ్చట ఏముంటదే?"

"అందుకే జల్దీ ఇంటికొస్త."

దసరా వచ్చింది. ఆ వాడలో దసరాకు ఎవరికి వాళ్లు మాంసం కొనుక్కోరు. ఎనిమిది ఇళ్లు కలిసి ఒక మేకను కొని, కోయించి, తాటాకుల మీద సమానంగా పోగులు వేసి పంచుకుంటాయి. ఏటా ఒకరు పెద్దరికం చేస్తారు. డబ్బు ముందు ఆయన పెట్టాలి. ఈసారి వంతు జంగయ్యది. మేక తొమ్మిదిన్నర వేలు పలికింది.

అప్పుడు అతని బుర్రలో మెరుపు మెరిసింది. మొత్తం కార్డు మీద కొట్టేస్తే? పోగులు పంచేటప్పుడు మిగతా ఏడిళ్ల డబ్బూ చేతికొస్తుంది. సాయంత్రానికల్లా బాకీ కట్టేస్తాడు. కార్డంతా వాడి, ఒక్కపూటలో తీర్చే మగాడు ఉన్నాడని తెలిస్తే బ్యాంకు ఏమైపోవాలి? స్కోరు ఎక్కడికి పోవాలి?

మూడో వంతు సలహా గుర్తొచ్చింది. వెంకట సాయికి పెళ్లి కూడా కాలేదు, వాడికేం తెలుసు అనుకున్నాడు.

మటన్ దుకాణంలో స్కాన్ చేశాడు. గల్లాపెట్టె మీది స్పీకరు తొమ్మిది వేల అయిదు వందలు అందాయని బజారంతా వినేలా అరిచింది. జంగయ్య మీసం దువ్వుకున్నాడు.

పోగులు పడ్డాయి. ఎవరి పోగు వాళ్లు ఎత్తుకున్నారు. డబ్బే ఎవరూ ఎత్తలేదు.

"జీతం వడ్డంక ఇస్త జంగన్నా, యాడికి వోత?"

"పండుగ పూట పైసలు ఇంట్లకెళ్లి బయటకు వోవద్దంటది మా అమ్మ."

ఒకాయనైతే పోగులో బొక్కలు ఎక్కువ వచ్చాయని ఎదురు లెక్క తీశాడు.

జంగయ్య ఇంటికొచ్చి, బాత్రూంలో గడియ పెట్టుకుని, ఫోన్ తీశాడు. గొంతు నొక్కిన మెసేజీలు వరసగా పడి ఉన్నాయి. చివరిది చదివాక చెంబు చేతిలోంచి జారింది.

పరిమితి దాటింది. బాకీ పదకొండు వేలు. దాటినందుకు రుసుము వేరే.

పదకొండా? తొమ్మిదిన్నర గదా! పైకి జరిపి చూశాడు. నాలుగు రోజుల కిందట, తాను నైట్ షిఫ్ట్ చేసొచ్చి నిద్రపోతున్న వేళ, ఒక చీరల దుకాణానికి పదిహేను వందలు పోయాయి.

దొంగ! జంగయ్య ఒక్క ఉరుకున హెల్మెట్ దగ్గరికి వెళ్లి మెత్త కింద తడిమాడు. కార్డు ఉంది. పెట్టింది పెట్టినట్టే ఉంది. మరి డబ్బు ఎలా పోయింది?

వెనక అడుగుల చప్పుడైంది. ఇందిరమ్మ.

"హెల్మెట్‌ల ఏం దేవులాడుతున్నవ్?"

"పేలు... ఉన్నయేమో అని."

"ఉన్న నాలుగు ఎంటికెలకు పేలు గూడనా?" ఆమె భుజం మీద చీర పరుచుకుంది. "నిన్న నువ్వు జూడలేదు. బతుకమ్మకు సంఘమోళ్లం అందరం ఒక్కతీరు చీరలు కట్టినం. మంచిగుందా? మొన్న నువ్వు పండుకున్నప్పుడు నీ ఫోన్‌తోనే బయానా కొట్టిన. నా ఫోన్‌ల చార్జింగు లేకుండె."

దొంగ దొరికింది. పట్టుకునే దారే లేదు. పట్టుకుంటే ముందు తానే దొరుకుతాడు.

"మంచిగుంది," అన్నాడు జంగయ్య. ఆ మాట గొంతులోంచి రావడానికి బ్యాంకు రుసుము కన్నా ఎక్కువ ఖర్చయింది.

బిల్లు తయారయ్యే తేదీ ఎల్లుండి. ఆలోపు కట్టకపోతే నిండిన కార్డు లెక్క స్కోరుకెక్కుతుంది. పోగుల డబ్బు కోసం అతను ఏడు గడపలూ తిరిగాడు. ఛాయ్ దొరికింది, సకినాలు దొరికాయి. రూపాయి దొరకలేదు. పండుగ దాటి వారం తిరిగేసరికి స్కోరు ఆరు వందల తొంభై ఒకటికి పడిపోయింది. ఆరు నెలలు పెంచిన బిడ్డ మేక మాంసానికి బలైపోయింది.

ఖదీర్ సాబ్ పెట్టిన గడువు చివరి రోజు. నిజం చెప్పేద్దామని జంగయ్య గిర్నీకి వెళ్లాడు. షట్టరు దించి ఉంది. ఖదీర్ సాబ్ భార్య ఖమరున్నీసా గడపలో బియ్యం చెరుగుతోంది.

"సాబ్ బ్యాంకుకు వోయిండు. గిర్నీ బేరం అయిపోయింది."

"శేటుకేనా?"

"ఎవరో! నాకు చెప్పొద్దన్నరు." ఆమె చాట అడ్డం పెట్టుకుని నవ్వింది.

జంగయ్య బండి బ్యాంకు దాకా ఎలా వెళ్లిందో అతనికి తెలియదు. శేటు కాళ్లయినా పట్టుకుందామనుకున్నాడు. చంద్రకాంత్ టేబుల్ ముందు ఖదీర్ సాబ్ కూర్చుని ఉన్నాడు. పక్క కుర్చీలో శేటు లేడు. బతుకమ్మ చీర కట్టుకున్న ఇందిరమ్మ సంతకాలు పెడుతోంది.

చంద్రకాంత్ తలెత్తాడు. "జంగయ్య గారూ! మీరు మేడమ్‌కు ఏమవుతారు?"

జంగయ్య హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"మా ఇంటాయన," అంది ఇందిరమ్మ, సంతకం ఆపకుండా.

"ఆమెకు... స్కోరు ఉందా సార్?"

"ఏడు వందల తొంభై ఆరు. పన్నెండేళ్ల చరిత్ర. ఒక్క కిస్తీ ఆలస్యం లేదు. సంఘం లోన్లు కూడా రికార్డులో పడతాయి కదండీ."

"గదే... ఛాయ్ సంఘమా?"

"అవ్," అంది ఇందిరమ్మ. "ఛాయ్ సంఘమే."

"ఒక జామీను సంతకం కావాలి," అని చంద్రకాంత్ జంగయ్య పేరు కంప్యూటర్‌లో కొట్టి చూశాడు. మళ్లీ అదే డాక్టరు ముఖం. "వద్దులెండి. సంఘంలో ఇంకెవరైనా ఉన్నారా మేడమ్?"

"రుమానా వస్తుంది సార్. తొవ్వల ఉంది."

బండి మీద ఇంటికి వస్తుంటే జంగయ్య, "పన్నెండేండ్ల సంది ఏం అప్పులే అవి? మనకు అప్పుల్లేవు గద," అన్నాడు.

"ఈ బండి కొన్న నగదు ఏడికెళ్లి వచ్చింది?"

"నువ్వే ఇస్తివి. చిట్టీ పైసలని."

"చిట్టీ గాదు. సంఘం లోను."

"మన బిడ్డ మహిత కాలేజీ ఫీజు?"

"సంఘం."

"మా అమ్మ కన్ను ఆపరేషను?"

"అది రెండు లోన్లు."

బండి నెమ్మదించింది. వెనక నుంచి ఇందిరమ్మ గొంతు కూడా నెమ్మదించింది.

"మీ ఫ్యాక్టరీ మూతవడి నువ్వు ఇంట్ల కూసున్నవు సూడు, ఆ నెల కిస్తీ నేను కట్టలేకపోయిన. నా పేరు ఖరాబు గావొద్దని రుమానా కట్టింది. ఆ దినం వాళ్లింట్ల కూర లేదు. మనింట్ల నువ్వు ఉప్పు తక్కువైందని పళ్లెం జరిపినవ్."

జంగయ్యకు జీవితంలో ఒక్క అప్పు లేదు. ఉన్నవన్నీ ఇందిరమ్మ పేరు మీద ఉన్నాయి.

"నాకు చెప్పొద్దా?"

"చెప్తే ఏమైతుండె? ఎవ్వనికి పైస బాకీ లేనని ఛాతీ ఇరుసుకొని నడుస్తుంటివి. ఆ నడక మంచిగుంటుండె. ఎందుకు చెడగొట్టాలె అని ఊకున్న."

సిగ్నల్ దగ్గర ఆగాడు. ఎర్ర దీపం పచ్చబడ్డా కదల్లేదు. వెనక లారీవాడు హారన్ కొట్టి హిందీలో తిట్టాడు. ఆ తిట్టు తనకు తగినదే అనిపించింది జంగయ్యకు.

"ఇగ ఆ హెల్మెట్‌ల కార్డు నాకియ్యి," అంది ఇందిరమ్మ.

బండి ఒక్క కుదుపు కుదిపింది. "నీకు... ఎప్పుడు తెల్సింది?"

"ఎండకాలమే. చెమట వాసనొస్తుందని మెత్త ఉతికిన. ఆరినంక మళ్ల ఆడనే వెట్టిన గద."

"ఇంట్లకు కార్డు వస్తే బయటకు వోతనంటివి!"

"ఇంట్లకు యాడొచ్చింది? హెల్మెట్‌లనే ఉండె. ఫోన్‌ల గూడ దూరిందని నాకేమెరుక?"

"నీ చీర బయానాతోనే మునిగిన నేను."

"నా చీర మీదికి తోలకు. నేను అందరి దగ్గర వసూలు చేసి బయానా కొట్టిన. పైసలు బియ్యం డబ్బల ఉన్నయ్. నువ్వు మేకను కోసి వసూలుకు వోయినవ్. తిన్నంక ఎవరిస్తరయ్యా?"

ఆ సాయంత్రం ఇందిరమ్మ సంచి పట్టుకుని వాడలోకి వెళ్లింది. ఆ ఇళ్లన్నిటిలోనూ సంఘం లోన్లు ఉన్నాయి. "మా సంఘం కిస్తీ గూడ గిట్లనే ఇస్తరా?" అని ఒక్కటే మాట అడిగిందట. పొయ్యి మీది ఛాయ్ మరిగేలోపు పోగుల డబ్బంతా సంచిలో ఉంది. బొక్కల లెక్క తీసినాయన పది రూపాయలు ఎక్కువే ఇచ్చాడు.

ఇప్పుడు గిర్నీ బోర్డు మీద ఇందిరమ్మ పేరు ఉంది. వారాంతపు సెలవు రోజున జంగయ్య అక్కడ బస్తాలు ఎత్తుతాడు. కార్డు బాకీ తీరిపోయింది. వెంకట సాయి వచ్చినప్పుడల్లా, "మళ్ల మొదలువెట్టన్నా, స్కోరు లేస్తది" అంటాడు. జంగయ్య ఆశగా ఇందిరమ్మ వైపు చూస్తాడు.

ఆమె ఏమీ అనదు. కార్డు ఆమె చేతిలోనే ఉంటుంది. గిరాకీ మారినప్పుడల్లా, గిర్నీ నోటి దగ్గర అతుక్కున్న పిండిని దాంతోనే గీకి, ఎవరి పిండి వాళ్ల డబ్బాలో దులుపుతుంది.

"మంచి కార్డయ్యా," అంటుంది. "ఎంత వాడినా అయిపోతలేదు."